అనాథాశ్రమానికి పాత కైరో ఏమి నేర్పుతుంది?
సంప్రదాయ ఇస్లామిక్ నిర్మాణ శైలిలో నేటి అనాథాశ్రమం కట్టవచ్చా అని అడిగారు. కట్టవచ్చు, గుమ్మటాలు అతికిస్తే మాత్రం చాలదు.

పాత కైరో ఇళ్లలో వీధి గుమ్మం దాటగానే దారి మలుపు తిరుగుతుంది. తలుపు బార్లా తెరిచి ఉన్నా లోపలి ముంగిలి బయటివారి కంట పడదు. పిల్లలకు రక్షణ ఉంటుంది, జైలు గోడల ఊపిరాడనితనం ఉండదు. మష్రబియా అనే చెక్క జాలీ కిటికీ ఎండను ఆపి గాలిని రానిస్తుంది.

నాకు ఇంకా నచ్చినది 1744లో అబ్దుల్ రహ్మాన్ కత్‌ఖుదా అనే అమీరు కైరోలో కట్టించిన సబీల్-కుత్తాబ్ అనే భవనం: కింద బాటసారులకు మంచినీళ్లు, పైన పిల్లలకు బడి. ఇలాంటి బడులు చాలావరకు అనాథల కోసమే, వక్ఫు (ధర్మకార్యాలకు రాసిచ్చిన ఆస్తి) ఆదాయంతో నడిచేవి. అదీ ఊరవతల కాదు, నగరంలోని ప్రధాన వీధిలోనే!

పడకగదులకు నమూనా కావాలంటే మొరాకో నగరం మర్రకేష్‌లోని బెన్ యూసుఫ్ మదరసా చూడండి: పెద్ద హాలు బదులు చిన్న చిన్న ముంగిళ్ల చుట్టూ గదులు.