ఘాటు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతోంది: ప్లేటు మారిస్తే చాలా?

ప్రశ్న: సొంతంగా నడుపుకొనే లారీని కొని పది నెలలు కావస్తోంది. బొబ్బిలి నుంచి సాలూరు మీదుగా కోరాపుట్ వైపు సరకు తోలుతుంటాను. 22 వేల కిలోమీటర్లు తిరగకముందే, ఘాటులో ఇంజను రొద పెరుగుతోంది గాని బండి లాగడం లేదు. మాడు వాసన కూడా వస్తోంది. క్లచ్ ప్లేటు అరిగే సామాను కనుక వారంటీ వర్తించదని షోరూమువారు అన్నారు. బయటి మెకానిక్ ప్లేటొక్కటి మారిస్తే చాలంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: క్లచ్ జారుతున్న మాట నిజమే. ఎందుకు జారుతున్నదో తేల్చకుండా ప్లేటు మారిస్తే మాత్రం కొత్త ప్లేటుకూ అదే గతి పడుతుంది.

గేర్ బాక్సు దించకముందే ఒక పరీక్ష చేయించండి. పెడల్ వదిలాక కూడా మాస్టర్ సిలిండరులోనో (పెడల్ తొక్కుడును ఫ్లూయిడ్ ఒత్తిడిగా మార్చేది) బూస్టరులోనో (ఆ తొక్కుడుకు బలం చేర్చేది) ఒత్తిడి మిగిలిపోతే, క్లచ్ పట్టు విడిపించే రిలీజ్ బేరింగు, క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు (ఇంజను వెనుక తిరిగే బరువైన చక్రానికి) అదిమే ప్రెజర్ ప్లేటును నొక్కిపట్టే ఉంచి పట్టు పూర్తిగా పడనివ్వదు; ఫలితం డ్రైవరు పెడల్ మీద కాలు ఆనించి నడిపినట్టే ఉంటుంది. క్లచ్ జారుతున్నప్పుడే బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఫ్లూయిడ్‌ను బయటికి వదిలే బ్లీడర్ నిపిల్ కొద్దిగా వదులు చేయించండి. ఫ్లూయిడ్ చిమ్మి, ఆ తర్వాత క్లచ్ పట్టుకుంటే లోపం ఆ సిలిండర్ల వైపే ఉన్నదన్నమాట.

అలా తేలకపోతే గేర్ బాక్సు దించక తప్పదు. ఆ పని మీ కళ్లెదుటే జరగాలి. పాత ప్లేటును వెలుతురులో పట్టి చూడండి. లైనింగు (ప్లేటు మీది రాపిడి పొర) రెండు వైపులా సమానంగా రివెట్ల దాకా అరిగి ఉంటే అది వాడకపు అరుగుదలే కావచ్చు. లైనింగు ఇంకా మందంగానే ఉండి, వేలితో రాస్తే జిడ్డు తగిలితే, ఇంజను వెనుక సీలు నుంచో గేర్ బాక్సు ముందు సీలు నుంచో ఆయిలు కారింది. ప్లేటు నడుమ స్ప్రింగు విరిగినా, డయాఫ్రం వేళ్లు (ప్రెజర్ ప్లేటులోని స్ప్రింగు రేకులు) ఎగుడుదిగుడుగా కనిపించినా, అరిగే సామాను అన్న ఒక్క మాటతో షోరూమువారు తప్పించుకోవడం సరికాదు. కారణాన్ని రాతపూర్వకంగా అడగండి.

ప్లేటొక్కటే మార్చమన్న సలహాను నేను ఒప్పుకోను. గేర్ బాక్సు దించే కూలి ఎలాగూ తప్పదు కనుక ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు (గేర్ బాక్సు షాఫ్టు ముందు కొనను మోసేది) కూడా అప్పుడే మార్పించి, కారుతున్న సీలుంటే దాన్నీ వేయించండి. ఫ్లైవీలు మీద నీలి మచ్చలుంటే బాగా వేడెక్కిందని అర్థం. కంపెనీ చెప్పిన మందం మిగిలేటట్టయితే లేత్ పట్టించవచ్చు, లేకుంటే మార్చవలసిందే. తిరిగి బిగించేటప్పుడు గేర్ బాక్సు బరువు ప్లేటు మీద వేలాడకూడదు. ఇద్దరు మనుషులు చేతులతో ఎత్తిపట్టి తోసే పద్ధతి మన షెడ్లలో ఇంకా కనిపిస్తుంది. ఆ బరువుకు ప్లేటు వంగితే గేర్లు గరగరమంటాయి. జాకీ అడిగి తీరండి.

వారంటీ నిరాకరిస్తే, జీవనోపాధి కోసం స్వయంగా నడుపుకొనే బండి కనుక, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద విజయనగరం జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. అందుకే విప్పిన పాత సామానును తుడవకుండా గోనెసంచిలో కట్టి, షెడ్డువారు చేసిన పని రాసిచ్చే జాబ్ కార్డుతో పాటు ఇంటికి తెచ్చుకోండి.