పెంటకోస్ట్ సెలవులకు స్టుట్‌గార్ట్ నుంచి సాల్జ్‌బర్గ్, క్యోనిగ్‌జే: నలుగురు స్టూడెంట్లకు నాలుగు రోజుల ప్లాన్ ఎలా?

మీరు అడిగింది ఇదీ: స్టుట్‌గార్ట్‌లో మాస్టర్స్ చేస్తున్న నలుగురు, నలుగురి దగ్గరా డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా రీజనల్ రైళ్లు, లోకల్ బస్సుల్లో చెల్లే నెల పాస్). శనివారం బయల్దేరి మంగళవారం రాత్రికి తిరిగి రావాలి. మ్యూనిక్, సాల్జ్‌బర్గ్, క్యోనిగ్‌జే సరస్సు, నాయ్‌ష్వాన్‌స్టైన్ కోట, నాలుగూ చూడాలి. ఒకరి రెసిడెన్స్ పర్మిట్ రెన్యూవల్‌లో ఉంది, ఇద్దరు శాకాహారులు, ఖర్చు తక్కువలో తేలాలి.

ముందుగా కోటను లిస్టులోంచి తీసేయండి. మ్యూనిక్ నుంచి ఫ్యుసెన్‌కి రెండు గంటల రైలు, అక్కణ్ణుంచి కోట కింది ఊరు హోహెన్‌ష్వాన్‌గావ్‌కి బస్సు, ఆపైన అరగంట నుంచి నలభై నిమిషాల ఎక్కుడు. ఇంత చేస్తే లోపల టూర్ అరగంట పైచిలుకు, ఫోటోలు తీయనివ్వరు, పెద్ద బ్యాగులు రానివ్వరు. టికెట్ మీద ఉన్న టైముకి గేటు దగ్గర లేకపోతే ఆ టికెట్ పోయినట్టే, రీజనల్ రైళ్లని నమ్ముకుని వెళ్లేవాళ్లకి అది పెద్ద తలనొప్పి. పైగా 2025 జులైలో దీంతో సహా బవేరియా రాజు లుడ్విగ్ కట్టించిన కోటలు యునెస్కో జాబితాలోకి ఎక్కాయి, పండగ వారాంతంలో ఆన్‌లైన్ టికెట్లు ముందే అయిపోతాయి. స్టుట్‌గార్ట్ వాళ్లకి ఫ్యుసెన్ మరీ దూరమేం కాదు, మామూలు శని ఆదివారాల్లో విడిగా వెళ్లొచ్చు.

ఇక బస. అందరూ చేసే పని మ్యూనిక్‌లో హాస్టల్ తీసుకుని రోజూ అక్కణ్ణుంచి తిరగడం. లెక్క వేసి చూడండి: మ్యూనిక్–సాల్జ్‌బర్గ్ రీజనల్ రైల్లో గంటా యాభై నిమిషాల దాకా, మ్యూనిక్–బెర్ష్టెస్‌గాడెన్ రెండున్నర గంటల పైనే. రెండు రోజుల్లో రానూపోనూ దాదాపు తొమ్మిది గంటలు రైల్లోనే గడిచిపోతాయి. అందుకే ఫ్రైలాసింగ్, బాద్ రైషెన్‌హాల్, బెర్ష్టెస్‌గాడెన్, ఈ లైన్‌లో ఎక్కడైనా మూడు రాత్రులకు ఫెరియన్‌వోనుంగ్ తీసుకోండి, అంటే వంటిల్లున్న చిన్న ఫ్లాట్. ఫ్రైలాసింగ్ నుంచి సాల్జ్‌బర్గ్ పది నిమిషాల లోపు. వంటిల్లు ఉంటే శాకాహారుల సమస్య సగం తీరిపోతుంది.

బుక్ చేసేటప్పుడు మూడు విషయాలు చూడండి. ఒకటి ఎండ్‌రైనిగుంగ్, చివర్లో శుభ్రం చేసినందుకు వేసే ఛార్జీ. మొదటి పేజీలో కనిపించకుండా పేమెంట్ దగ్గర బయటపడుతుంది. రెండోది కుర్‌టాక్స్, తలకి రోజుకింత అని ఊరికి కట్టేది. బెర్ష్టెస్‌గాడెన్ ప్రాంతంలో ఇది కట్టినవాళ్లకి గెస్ట్ కార్డు ఇస్తారు, ఇంటివాళ్లని అడిగి తీసుకోండి, కొన్ని చోట్ల రాయితీ వస్తుంది. మూడోది ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే గడువు. ఆ తేదీని గ్రూపులో పిన్ చేసి, దాని తర్వాత ఎవరు తప్పుకున్నా వాళ్ల వాటా కట్టాల్సిందేనని ముందే రాసుకోండి. నలుగురు స్నేహితుల మధ్య గొడవలొచ్చేది ఎక్కువగా ఇక్కడే, టికెట్ల దగ్గర కాదు.

రైలు సంగతి. స్టుట్‌గార్ట్ నుంచి ఉల్మ్ దాకా ఎంఈఎక్స్16 గానీ ఆర్‌ఈ5 గానీ (ఇవి రీజనల్ రైళ్ల పేర్లు), ఉల్మ్ నుంచి ఆగ్స్‌బర్గ్ మీదుగా మ్యూనిక్‌కి ఆర్‌ఈ9, మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్ వైపు బీఆర్‌బీ అనే కంపెనీ వాళ్ల ఆర్‌ఈ5 (పేరు ఒకటే, బండి వేరు). అన్నీ కలిపి ఫ్రైలాసింగ్‌కి ఐదున్నర నుంచి ఆరు గంటలు. జర్మన్ రైల్వే యాప్ డీబీ నావిగేటర్‌లో డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లే బళ్లు మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది, అది పెట్టి వెతకండి. లేకపోతే మ్యూనిక్–సాల్జ్‌బర్గ్ మధ్య నడిచే ఆస్ట్రియా రైల్వే (ఓబీబీ) వాళ్ల ఎక్స్‌ప్రెస్ రైల్‌జెట్ ముందొస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, గంటన్నరలో చేరుస్తుంది, కానీ మీ టికెట్ దాంట్లో చెల్లదు. దొరికితే మామూలుగా 60 యూరోల జరిమానా. ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరపు రైళ్లు, ఫ్లిక్స్‌బస్ కూడా అంతే.

మ్యూనిక్‌లో మారడానికి యాప్ పది నిమిషాలు చాలని చూపించినా కనీసం పాతిక నిమిషాలు ఉండేట్టు చూసుకోండి. అది చాలా పెద్ద స్టేషను, పక్క వింగుల్లోని ప్లాట్‌ఫారాలు బాగా దూరం, పండగనాడు జనంలో నడవలేరు. సాల్జ్‌బర్గ్ బండి మ్యూనిక్ ఓస్ట్‌లో కూడా ఆగుతుంది గానీ, సీటు కావాలంటే బయల్దేరే చోటైన మెయిన్ స్టేషన్‌లోనే ఎక్కాలి.

డాయిచ్‌లాండ్ టికెట్‌తో ఒక ఇబ్బంది చాలామందికి తెలీదు. మామూలు రీజనల్ టికెట్ ఉన్నవాళ్లు, గమ్యానికి కనీసం 20 నిమిషాలు ఆలస్యమయ్యేట్టుంటే ఐసీఈ ఎక్కి, ఆ డబ్బు తర్వాత తిరిగి అడగొచ్చు. డాయిచ్‌లాండ్ టికెట్‌కీ, బవేరియా టికెట్ లాంటి రాష్ట్ర టికెట్లకీ ఆ హక్కు లేదు. బండి పోతే తర్వాతి రీజనల్ కోసం ఆగాల్సిందే. అందుకని ప్లాన్‌ని తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి వేసుకోండి. రాత్రి స్టుట్‌గార్ట్ చేర్చే ఆఖరి కనెక్షన్ ఏదో చూసి, దానికి రెండు బళ్ల ముందుది మీ బండి అనుకోండి. సోమవారం పెంటకోస్ట్ సెలవు, ఆ సాయంత్రం బళ్లు కిటకిటలాడతాయి. మీరు మంగళవారం రావాలనుకోవడం మంచి పనే.

టికెట్ ఫోన్‌లో ఉంటే ఛార్జింగ్ అయిపోయినప్పుడు టికెట్ లేనట్టే లెక్క. పవర్ బ్యాంకు ఒక్కరి దగ్గర ఉంటే చాలదు, ఇద్దరి దగ్గరైనా ఉండాలి. ఒకవేళ అలా పట్టుబడితే, టికెట్ మీ పేరు మీదే ఉంది కాబట్టి తర్వాత చూపించి 60 యూరోల జరిమానాను 7కి తగ్గించుకోవచ్చు. టెలిగ్రామ్ గ్రూపుల్లో సగం ధరకి అమ్మే టికెట్ల జోలికి పోకండి, చెకింగ్‌లో అవి చెల్లనివని తేలితే ఇరుక్కునేది మీరే. వేరే దేశం నుంచి ఐదో స్నేహితుడు వచ్చి కలిస్తే అతనికి బవేరియా టికెట్ సరిపోతుంది, అది సాల్జ్‌బర్గ్ మెయిన్ స్టేషన్ దాకా చెల్లుతుంది. పని రోజుల్లో ఉదయం 9 తర్వాతే వాడాలి, శని ఆదివారాలు, సెలవు రోజుల్లో అర్ధరాత్రి నుంచే. టికెట్ మీద పేరు రాయడం మర్చిపోవద్దు.

ఇప్పుడు పర్మిట్. సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో ఉంది. రెండూ సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన షెంగెన్ దేశాలే కదా, ఎవరూ అడగరు అనుకోవద్దు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది, సాల్జ్‌బర్గ్ వైపు అంతకుముందు నుంచే ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు ఫ్రైలాసింగ్‌లో పోలీసులు రైలెక్కుతారు. ఒరిజినల్ పాస్‌పోర్టు, ఒరిజినల్ పర్మిట్ కార్డు రెండూ జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫోటో పనికిరాదు.

కార్డు గడువు దాటిన స్నేహితుడి దగ్గర ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ కాగితం (రెన్యూవల్ తేలేదాకా విదేశీయుల ఆఫీసు ఇచ్చే తాత్కాలిక పత్రం) ఉందేమో చూడండి. ఉంటే అందులో ఏ గడికి టిక్ పెట్టారో చూడాలి. సెక్షన్ 81, పేరా 4 అయితే పాత పర్మిట్ కొనసాగుతున్నట్టు లెక్క. పాస్‌పోర్టు, పాత కార్డు, ఆ కాగితం మూడూ కలిపి పట్టుకుంటే జర్మనీలోకి తిరిగి రావచ్చు. పేరా 3 అయితే దేశం దాటకూడదు. అప్లికేషన్ అందిందన్న ఈమెయిల్ మాత్రమే ఉంటే అది ప్రయాణ పత్రం కానే కాదు. ఏ చిన్న అనుమానం ఉన్నా ఆ రోజు అతను ఇవతలే ఉండిపోవడం మేలు. ఫ్రైలాసింగ్ నుంచి బెర్ష్టెస్‌గాడెన్ దాకా రైలు పూర్తిగా జర్మనీలోనే నడుస్తుంది, చూడ్డానికి చాలా ఉంది. కాకపోతే ఫ్రైలాసింగ్‌లో దిగకుండా నిద్రపోతే తర్వాతి స్టేషన్లు ఆస్ట్రియావే, జాగ్రత్త. సాల్జ్‌బర్గ్ నుంచి బెర్ష్టెస్‌గాడెన్ వచ్చే 840 బస్సు కూడా సరిహద్దు దాటేదే.

పబ్లిక్ ఇన్సూరెన్స్ ఉంటే హెల్త్ కార్డు వెనకవైపు యూరప్ కార్డు ముద్రించి ఉంటుంది, ఆస్ట్రియాలో అత్యవసర వైద్యానికి అది చెల్లుతుంది. ముప్పై దాటి ప్రైవేటు ఇన్సూరెన్స్‌లో ఉన్నవాళ్లు తమ పాలసీ జర్మనీ బయట పనిచేస్తుందో లేదో చూసుకోవాలి.

క్యోనిగ్‌జేకి ఒక రోజు మొత్తం ఇవ్వండి, వీలైతే మంగళవారానికి పెట్టకుండా ఆది, సోమల్లో ఒకటి ఎంచుకోండి. ఉదయం మొదటి బళ్లలో బెర్ష్టెస్‌గాడెన్ చేరి 841 బస్సు ఎక్కితే క్యోనిగ్‌జే ఊళ్లో దింపుతుంది, అక్కణ్ణుంచి రేవుకి కాస్త నడవాలి. పండగరోజు పదకొండు దాటాక వెళ్తే టికెట్ కౌంటర్ దగ్గర గంటకు తక్కువ కాకుండా నిలబడాలి. అక్కడ 1909 నుంచి కరెంటు పడవలే నడుపుతున్నారు. దారిలో ఒకచోట పడవ ఆపి కొండ ప్రతిధ్వని వినిపించడానికి బూర ఊదుతారు, ఊదినాయన తర్వాత టోపీ పట్టుకుని వస్తాడు, చిల్లర ఉంచుకోండి.

సాంక్ట్ బార్తొలొమే చర్చి దాకా 35 నిమిషాలు, చివరి రేవు సాలెట్ దాకా 55 నిమిషాల దాకా. టికెట్ తలకి 20 యూరోలు దాటుతుంది, డాయిచ్‌లాండ్ టికెట్ చెల్లదు. డబ్బు పెట్టేదెలాగూ పెడుతున్నారు, సాలెట్ దాకానే తీసుకోండి. అక్కడ దిగి పావుగంట నడిస్తే ఓబర్‌జే అనే రెండో సరస్సు, దాని ఒడ్డునే గంట నడిస్తే ఫిషుంకెల్ ఆల్మ్ అనే కొండ పచ్చిక బయలు, ఇంకో అరగంటకి జర్మనీలోకెల్లా ఎత్తైన ర్యోట్‌బాఖ్ జలపాతం. దారిలో రాళ్లు తడిగా ఉండి జారతాయి, కాన్వాస్ బూట్లతో వద్దు. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

సాలెట్‌లో దిగగానే ఆఖరి పడవ టైము రాసిన బోర్డుని నలుగురూ ఫోటో తీసుకోండి. అక్కణ్ణుంచి వెనక్కి రోడ్డు లేదు. సరస్సుకి రెండు పక్కలా నిటారు కొండలే. ఆఖరి పడవకి అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి దానికి గంట ముందే రేవులో ఉంటే నిశ్చింత.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ సరస్సు పైనున్న సహజ కొలను ఫోటోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 2019లో ఇద్దరు యువకులు అక్కడ మునిగి చనిపోయారు, 2021లో ఆ చోటికి ప్రవేశం నిషేధించారు. దారి అడిగి మరీ పోవద్దు. పడవ డబ్బు వద్దనుకునేవాళ్లకి రేవు నుంచి మాలర్‌వింకెల్ అనే చోటికి అరగంట లోపు నడక ఉంది, సరస్సు బాగా కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు.

సాల్జ్‌బర్గ్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, ఒక రోజు చాలు. స్టేషన్ నుంచి మిరాబెల్ తోట మీదుగా పాత ఊరికి నడిచే పోవచ్చు, సిటీ బస్సుల్లో మీ టికెట్ చెల్లదు. మోజార్ట్ 1756లో పుట్టిన ఇల్లు గెట్రైడెగాస్సె 9లో ఉంది, బయట నుంచి చూస్తే నా లెక్కలో సరిపోతుంది. డబ్బు పెట్టాలనుకుంటే ఊరి పైనున్న హోహెన్‌సాల్జ్‌బర్గ్ కోటకి పెట్టండి.

తిండి. ఆదివారం, సోమవారం రెండు దేశాల్లోనూ సూపర్ మార్కెట్లు మూసే ఉంటాయి, పెద్ద స్టేషన్లలో ఉన్నవి తప్ప. శనివారం సాయంత్రం ఆరు గంటలకల్లా ఫ్రైలాసింగ్ చేరి, మూడు రోజులకు సరిపడా పాలు, పెరుగు, బ్రెడ్, కూరగాయలు కొనేయండి. ఈ ఒక్క కారణం చేత మ్యూనిక్‌లో మొదటి రోజు ఎక్కువసేపు ఆగకండి. చూడాలనుంటే తిరుగు ప్రయాణంలో బ్యాగులు లాకర్‌లో పెట్టి మూడు గంటలు తిరగొచ్చు. బియ్యం, పప్పు, పోపు సామాను, పచ్చడి ఇంటి నుంచే తెచ్చుకోండి. రైలు కాబట్టి ఆవకాయకి అడ్డు లేదు, మూత మీద క్లింగ్ ఫిల్మ్ చుట్టి సీసాని రెండు కవర్లలో పెట్టండి. మొదటి రోజుకి పులిహోర చాలు, పెరుగన్నం ఆరు గంటల ప్రయాణానికి పులిసిపోతుంది.

బయట తినాల్సొస్తే కేజెష్పెట్స్‌లె అడగండి, మాంసం లేదు గానీ పిండిలో గుడ్డు ఉంటుంది. లేబర్‌కేజె పేరులో చీజ్ ఉన్నా అది పూర్తిగా మాంసమే. బీఫ్ తిననివాళ్లు మెనూలో రిండ్, కాల్ప్ అన్న మాటలు గుర్తుపెట్టుకోవాలి, చాలా డోనర్ షాపుల్లో వాడేది అదే. కొండ మీది చిన్న హోటళ్లలో కార్డు తీసుకోనివి ఉంటాయి, తలకి 40 యూరోల నోట్లు దగ్గరుంచుకోండి. ఆస్ట్రియాలో కూడా 2025 జనవరి నుంచి ప్లాస్టిక్ బాటిళ్లకి 25 సెంట్ల డిపాజిట్ ఉంది, అయితే జర్మన్ బాటిల్ అక్కడి మెషిన్ తీసుకోదు, అక్కడిది ఇక్కడ తీసుకోదు. కుళాయి నీళ్లు రెండు చోట్లా తాగొచ్చు, ఖాళీ సీసా తీసుకెళ్లండి.

ఖర్చు సుమారుగా తలకి ఇలా వేసుకోండి: బస మూడు రాత్రులకి 100 నుంచి 130 యూరోలు, పడవ 30 లోపు, సరుకులు 25, సాల్జ్‌బర్గ్‌లో 30, కాఫీలు, టాయిలెట్లు, లాకర్లకు 20. బస ధర మాత్రం ఎంత ఆలస్యం చేస్తే అంత పెరుగుతుంది, ముందు అది బుక్ చేసి తర్వాత మిగతావి ఆలోచించండి. బయల్దేరే ముందు రాత్రి డీబీ నావిగేటర్ ఇంకోసారి తెరిచి, ఫ్రైలాసింగ్–బెర్ష్టెస్‌గాడెన్ లైన్‌లో ట్రాకు పనుల వల్ల రైలు బదులు బస్సు వేశారేమో చూడండి. వేసి ఉంటే ఆ బస్సు స్టేషన్‌లో ఏ వైపు ఆగుతుందో కూడా చూసుకోండి.