గూడు కట్టేముందు నేల చూడవే

పర్లాకిమిడి

చిట్టీ,

గుణుపురంలో పెరట్లో కోళ్ళగూడు నువ్వే కట్టుకుంటున్నావట. సుత్తి పట్టుకున్న నీ ఫొటో మీ అమ్మ ఫోన్లో చూపించింది. ఆ రోజంతా ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కోడికి మూడు చదరపు అడుగులు చాలు. నాలుగైదు పెట్టలకి ఒక గుడ్ల గంప. గాలాడ్డానికి పైన సందు. ఇవి నీకు తెలిసినవే. రేకుల్ని మాత్రం మేకుల మీద వదిలెయ్యకు, నిట్టాళ్ళకి తీగతో బిగించు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన వీధిలో రేకులు విస్తరాకుల్లా ఎగిరాయి, మర్చిపోయావా?

మీ అమ్మ నాలుగో తరగతిలో ఉండగా నేను మట్టినేల మీదే గూడు లేపాను. ఇటుక గోడలు, తలుపుకి తాళం. దొంగల భయం నాకు. ఒక మూల రెండ్రోజులు వరసగా మెత్తటి మట్టి గుట్టగా కనబడింది. కోళ్ళు పొర్లాడి లేపాయనుకుని చీపురుతో ఊడ్చేశాను. వంగి చూసుంటే నా పిడికిలి పట్టేంత బొక్క కనబడేది. పందికొక్కు తవ్వింది. మూడోనాడు పెళ్ళికని తెల్లారకుండానే బస్సెక్కాం. ఒక్కపూటేగా, తాళంలో ఉంటే క్షేమమని గూడు తియ్యలేదు. ఆ బొక్కలోంచి పట్టపగలు ముంగిస దూరింది. మధ్యాన్నం వచ్చేసరికి పదకొండు పెట్టలూ తలుపు దగ్గరే కుప్పగా పడున్నాయి. తిన్నది ఒకటో అరో, తక్కినవాటి పీకలు కొరికి వదిలేసింది. బయటుంటే సగమైనా చెట్టెక్కేవి. తాళంచెవి నా కొంగునే ఉంది. జాజి అని పిలుచుకునే తెల్లపెట్టని మీ అమ్మ ఒళ్ళో పెట్టుకు కూచుంది. నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకే మోకాలెత్తు కాళ్ళ మీద కట్టవే. అడుగున వెదురు బద్దలు, వాటి కింద అర అంగుళం కన్నున్న వెల్డింగు జాలీ. బజార్లో చవగ్గా దొరికే కోళ్ళ వల కోళ్ళనాపుతుందంతే, ముంగిస పళ్ళకి అదో లెక్కా? అక్కడ నాలుగు రూపాయలు మిగుల్చుకున్నావని తెలిస్తే ఊరుకోను. జాలీ కోసేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకో తల్లీ, అంచులు బ్లేళ్ళలా ఉంటాయి. ఊరెళ్తే పక్కింటి ఒడియా ఆవిడకి తాళంచెవి ఇచ్చెళ్ళు.

ముందుముందు నీ గూట్లో పుట్టే కోడిపిల్లలకి ఏడో రోజున కొక్కెర తెగులు రాకుండా టీకా చుక్కలు పశువులాస్పత్రిలో వేయించాలి, మరవకు.

నా నల్లపెట్ట నిన్ననే పొదుగుకి కూచుంది. 21 రోజులు పోయాక, చుక్కలూ పడ్డాక, పిల్లల్ని గంపలో పెట్టుకుని నేనే వస్తాను. ముందు గూడు కింద చెయ్యి పెట్టి తడిమి చూస్తా. ఆ తరవాతే గంప దించుతా.

మీ అమ్మమ్మ