ఇంజెక్షన్ లోడ్ చేసేటప్పుడు తప్పు జరగకుండా నేనేం చేస్తాను

కొత్తగా వార్డులో చేరానని, ఒకేసారి ఐదారుగురికి ఇంజెక్షన్లు సిద్ధం చేయాల్సి వస్తే చెయ్యి వణుకుతోందని, ఏ జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు. పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుగా ఉన్నాను. ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు. ముందు నాకు జరిగింది చెబుతాను.

నైట్ డ్యూటీలో ఉన్నాను. యాంటీబయాటిక్ పొడి కరిగించడానికి డిస్టిల్డ్ వాటర్ డబ్బాలోంచి ప్లాస్టిక్ ఆంప్యూల్ (ఒక్కసారి వాడే చిన్న మందు గొట్టం) తీసి, తల తుంచి, 10 ఎంఎల్ లాగి వయల్‌లోకి, అంటే పొడి ఉన్న సీసాలోకి ఎక్కించాను. పొడి చక్కగా కరిగింది. ఖాళీ ఆంప్యూల్ పారేసే ముందు మరోసారి పేరు చదవాలన్నది నాకు పని నేర్పిన సీనియర్ సిస్టర్ చేసిన అలవాటు. లైటు కిందికి తెచ్చి చూస్తే పొటాషియం క్లోరైడ్ అని ఉంది. ఒళ్లంతా చల్లబడిపోయింది. ఆ ఒక్క ఆంప్యూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్ల (లవణాలను కొలిచే యూనిట్) పొటాషియం ఉంటుంది. నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. మిగిలిపోయిన ఆంప్యూల్‌ని ఎవరో పొరపాటున నీళ్ల డబ్బాలో వేశారు. రెండూ ఒకే సైజు, రెండిట్లోనూ తేటగా ఉండే ద్రవమే.

నాకు మందు తెలియక జరిగింది కాదది. డబ్బా మీద పేరు చూసి చెయ్యి లోపలికి వెళ్లిపోయింది, అంతే. అందుకే లేబుల్‌ని మూడుసార్లు చదవండి: తీసేటప్పుడు, సిరంజిలోకి లాగే ముందు, పారేసే ముందు. కళ్లతో చూసి వదిలేయకుండా పెదాలు కదుపుతూ పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎక్స్‌పైరీ చదవండి. నేనైతే ఇంజెక్షన్ ఇవ్వడం పూర్తయ్యేదాకా ఖాళీ ఆంప్యూల్‌ని ఆ సిరంజి పక్కనే ట్రేలో ఉంచుతాను.

రెండోది, లేబుల్ అంటించకుండా సిరంజిని చేతిలోంచి కింద పెట్టకండి. ఫోన్ మోగుతుంది, అటెండర్ పిలుస్తాడు, తిరిగొచ్చేసరికి ట్రేలో రెండు తెల్లటి సిరంజిలు ఉంటాయి. ఏది ఏదో గుర్తుందనిపించినా సరే, లేబుల్ లేనిదాన్ని నేను పారేస్తాను, ఎంత ఖరీదైన మందైనా. పేషెంట్ పేరు, మందు, డోసు, దేంట్లో ఎంత కలిపాం, టైము, మన సంతకం ఉండాలి. ఒక పేషెంటువి పూర్తయ్యాకే ఇంకొకరివి మొదలుపెట్టండి. మధ్యలో ఎవరైనా పిలిస్తే "లోడ్ చేస్తున్నాను, రెండు నిమిషాలు" అనండి. కొత్తవాళ్లు మొహమాటపడతారు గానీ ఇందులో మొహమాటం వద్దు.

ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది), పొటాషియం, క్యాన్సర్‌కు ఇచ్చే కీమో మందులు, పిల్లల డోసులు ఎప్పుడూ ఇద్దరు చూడాల్సినవే. ఇన్సులిన్ ఒక ఎంఎల్‌కు 40 యూనిట్లదీ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. ఒకదాని సిరంజితో ఇంకోటి లాగితే రెండున్నర రెట్లు తేడా వచ్చేస్తుంది. హెపారిన్‌లో కూడా ఎంఎల్‌కు 1000 యూనిట్ల వయల్, 5000 యూనిట్ల వయల్ వేరువేరుగా వస్తాయి. ఇక్కడ మన లెక్క చూపించి "కరెక్టే కదా" అని అడిగితే అవతలి వాళ్లు ఊఁ అనేస్తారు. కేస్ షీట్ ఇచ్చి, వాళ్లను విడిగా లెక్క వేయమనండి. రెండు అంకెలూ కలిస్తేనే సిరంజి పట్టుకోండి.

దేంట్లో కలపాలన్నది గుర్తున్నా మళ్లీ చూసుకోండి. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటోయిన్‌ని డెక్స్‌ట్రోజ్‌లో (గ్లూకోజ్ నీళ్లలో) వేస్తే గడ్డలు కడుతుంది, నార్మల్ సెలైన్‌లోనే (ఉప్పు నీళ్లలోనే) కలపాలి. ఫంగస్ ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే మామూలు యాంఫోటెరిసిన్ బి దీనికి సరిగ్గా ఉల్టా, డెక్స్‌ట్రోజ్‌లోనే వేయాలి. వేలాడుతున్న సెలైన్ బాటిల్‌లోకి పొటాషియం ఎక్కించకండి, అడుగున పేరుకుని అంతా ఒక్కసారిగా వెళ్లిపోతుంది. బాటిల్ దించి, కలిపి, బాగా తలకిందులు చేసి తిప్పాకే పెట్టండి. డాక్టర్ రాసిన అంకె అర్థం కాకపోతే ఊహించకుండా ఫోన్ చేయండి, అర్ధరాత్రి అయినా సరే. 1.0 అని రాసింది చుక్క కనబడక 10గా చదివినవాళ్లు ఉన్నారు.

ఆ రాత్రి మందు పేషెంట్ దాకా వెళ్లలేదు కాబట్టి ఎవరికీ చెప్పకుండా ఉండొచ్చని ఒక క్షణం అనిపించింది. కానీ డ్యూటీ దిగేలోపే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు చెప్పి రాసిచ్చాను. ఆమె తిట్టలేదు. ఆ రోజే పొటాషియం ఆంప్యూల్స్ అన్నీ మందుల అల్మారాలోంచి తీయించి, ఎర్ర స్టిక్కర్ వేసిన వేరే పెట్టెలో తాళం వేసి పెట్టించింది. మీ వార్డులో అవి ఎక్కడున్నాయో రేపు డ్యూటీకి వెళ్లగానే చూడండి. నీళ్ల ఆంప్యూల్స్ పక్కనే ఉంటే మీ ఇన్‌ఛార్జ్‌కు అప్పుడే చెప్పండి.