హగరి ఇసుకలోకి థార్ జీపు ఏసుకుని పోయేముందు

అబ్బీ,

ఫ్రెండ్స్‌తో కలిసి బెంగళూరు నుంచి వచ్చి కణేకల్లు, బొమ్మనహాళ్ పక్క ఇసుక దావల్లో ఒక రోజంతా తిరగాలని అనుకుంటున్నావంట, మీ నాయన చెప్పినాడు. పోవద్దని నేనెందుకు చెప్తా, ఆ దావలన్నీ ఇష్టంగా తిరిగినోణ్ణి, ఇంకా తిరుగుతానే ఉన్నా. కాకపోతే నువ్వు వీడియోల్లో చూసే రాజస్థాన్ లెక్క వేరు, మన హగరి ఏటి లెక్క వేరు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ నేల గురించి చెప్తా. మన అనంతపురం జిల్లాకు ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపులే, నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం వానలేమో ఇక్కడికి వచ్చేసరికి నీరసించిపోతాయి. దర్గా హొన్నూరు, గోవిందవాడ పక్క నువ్వు చూడబోయే దిబ్బలన్నీ హగరి ఏట్లో ఇసుకే, వేదవతి అన్నా అదే. ఏరు ఎండిపోయి ఉన్నప్పుడు జూన్ నుంచి ఆగస్టు దాకా కొట్టే గాలికి ఆ ఇసుక లేచొచ్చి చేన్ల మీద పడుతుంది. ఒక పక్క హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళతో వరి మళ్ళు పచ్చగా ఉంటాయి, కొంచెం దూరం పోతే ఎడారిలో ఉన్నట్టు ఉంటుంది, ఆ రెండూ ఒకేసారి చూడాలంటే మన పక్కనే చూడాల. కానీ ఆ ఇసుక కింద ఎవరిదో చేను ఉందని మాత్రం మర్చిపోవద్దు. దిబ్బల మీద మొలిచిన గడ్డి, కంప, ఎవరో నాటిన చెట్లు, ఇవే ఆ ఇసుకను కదలకుండా పట్టుకునేది, నువ్వు సరదాకి నాలుగు రౌండ్లు కొట్టి వాటిని పెకిలిస్తే వచ్చే గాలికి ఆ ఇసుక పక్క రైతు చెనిక్కాయ చేన్లో పడుతుంది. కాబట్టి బండిబాట ఉన్నచోటే పో, దిబ్బ ఎక్కాలనిపిస్తే బండి కిందపెట్టి నడిచి ఎక్కు, ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

నవంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి టైం. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది, గాలి నెలల్లో కళ్ళల్లో ఇసుక పడి ఏమీ కనపడదు.

ఇప్పుడు బండి సంగతి. థార్‌లో ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందేది, కానిది కూడా వస్తాంది, నీది ఏదో ఒకసారి కరెక్ట్‌గా చూసుకో, వెనక చక్రాలు మాత్రమే తిరిగేదైతే మెత్తటి ఇసుక జోలికే పోవద్దు. ఫోర్ బై ఫోరే అయినా తారు రోడ్డు మీద ఉండే 30 పీఎస్ఐ (టైరు గాలి కొలత) గాలితో ఇసుకలోకి దిగితే కూరుకుపోతావు. ఇసుక మొదలయ్యే చోట ఆపి నాలుగు టైర్లలోనూ గాలి 18కి దించు, టైరు కింద వెడల్పుగా పరుచుకుని బండి బరువు పంచుకుంటుంది. 15కి కిందికి మాత్రం పోనీవద్దు, రిమ్ము నుంచి టైరు ఊడొస్తుంది, అదే కారణానికి తక్కువ గాలితో స్పీడ్‌గా పోవద్దు, సడన్‌గా స్టీరింగ్ తిప్పొద్దు. ఇసుకలో ఆగాల్సి వస్తే బ్రేకు గట్టిగా తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలేసి దానంతట అదే ఆగేట్టు చూడు, అదీ పల్లం వైపు ముఖం పెట్టి ఆపు, మళ్ళీ కదలడం సులభం. తిరిగి తారు రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాల, దానికి పోర్టబుల్ కంప్రెసర్ కావాల, పంక్చర్ షాపు ఉంటుందిలే అనుకోవద్దు.

దీనికన్నా ముఖ్యమైంది ఇంకోటి ఉంది. తెలియని ఇసుక ఏదైనా కానీ, ముందు దిగి నడువు. మడమ గట్టిగా ఊని చూడు, పైపైన గుర్తు పడితే పోవచ్చు, చీలమండ దాకా దిగిందంటే వెనక్కి తిప్పేయ్. ఏట్లో అయితే ఇది కూడా చాలదు, పైన ఎండి పెళుసుగా గట్టిగానే ఉంటుంది, జానెడు కింద తడి ఉంటుంది, చేతికర్ర గుచ్చి పీకితే కొనకు తడి బురద అంటుకుని వస్తే అది ఊబ, అందులో పెద్ద బండ్లు కూడా ఇరుక్కుంటాయి. ఇసుక తోడిన గుంతలు కూడా ఉంటాయి, దూరానికి కనపడవు. ఎండిన ఏరే కదా అని మధ్యలో బండి పెట్టి అన్నం తినేదానికి కూర్చోవద్దు. ఎగువన కర్ణాటకలో హిరియూరు దగ్గర ఇదే ఏటి మీదున్న వాణీవిలాస సాగర్ డ్యాం 1933 తర్వాత మళ్ళీ 2022లో పొర్లింది, అన్నేళ్ళ తర్వాత కూడా ఏరు పారింది చూడు. మన దగ్గర మబ్బు చుక్క లేకపోయినా ఎగువన కర్ణాటకలో వాన పడినా, భైరవానితిప్ప డ్యాం గేట్లు ఎత్తినా నీళ్ళొస్తాయి, బయల్దేరే ముందు రోజు పై ఊళ్ళల్లో వానుందా అని కనుక్కో.

రాయదుర్గం, ఉరవకొండ పక్క నల్లరేగడి ఉంది, ఎండితే రోడ్డు కంటే బాగుంటుంది, చినుకు పడితే రాగిసంకటి ముద్ద మాదిరి చక్రాలకు అంటుకుని మడ్‌గార్డ్ నిండిపోతుంది, ఏ గేరూ పనిచేయదు. వానొస్తే ఆగిపోయి ఆరేదాకా కూర్చోవడం తప్ప వేరే దావ లేదు.

ఇరుక్కున్నారనుకో, చక్రం తిరుగుతా బండి కదలడం లేదంటే ఆ క్షణమే కాలు తీసేయ్, ఇంకా తొక్కితే బండి కడుపు ఇసుక మీద కూర్చుంటుంది, అప్పుడు నాలుగు చక్రాలూ గాల్లోనే తిరుగుతాయి. కిందికి దిగి నాలుగు చక్రాల దగ్గరా ఇసుక పారతో తీసెయ్, బండి కింద తగులుకుని ఉందేమో పడుకుని చూడు, ఉంటే అది కూడా తోడు, తర్వాత గాలి ఇంకో రెండు పీఎస్ఐ దించి, వచ్చిన గీతల్లోనే మెల్లగా వెనక్కి రా. తాడు కట్టి లాగేటప్పుడు లాగేదానికని బండికి ఇచ్చిన కొక్కెం, టో హుక్‌కే కట్టండి, బంపర్‌కి కట్టొద్దు, తాడు తెగితే మనిషికి తగులుతుంది, అందుకే లాగేటప్పుడు అందరూ తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంగా నిలబడాల. ఒక్క బండితో పోతే లాగేవాళ్ళే ఉండరు కాబట్టి రెండు బండ్లు లేకుండా ఏట్లోకి దిగొద్దు.

జాలికంప ముళ్ళు టైరును దూసుకుపోతాయి, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, మంచి స్టెప్నీ రెండూ పెట్టుకో. మనిషికి 5 లీటర్ల నీళ్ళు, ఇంకో క్యాను ఎక్కువ. రక్తపింజరి తిరిగే నేల అది, రాత్రి కంపల్లోకి చెప్పులతో పోవద్దు, కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం, ఆకు పసరు ఇవన్నీ వద్దు, కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకుపో. ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా రాదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకో.

కృష్ణజింకలు కనపడతాయి, కనపడంగానే ఇంజన్ ఆపేయ్. వాటెంట బండి తోలితే అది వేటే, 1972 చట్టం కింద మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు, జైలుకు పోతావు, అంతకన్నా దాన్ని భయపెట్టే హక్కు మనకు లేదు. చేను గట్టు మీద రైతు కనపడితే ఆపి, దిగి, "పెద్దాయనా, ఈ దావ యాడికి పోతాది" అని అడుగు, ఆ మనిషికి తెలిసినంత నీ మ్యాప్‌కి తెలియదు, ఈ పక్క బాయికి గట్టు లేదనో, డ్రిప్ పైపులు పరిచినారనో ఆయనే చెప్తాడు. చేన్లో పైరుంటే అంచులో కూడా చక్రం పెట్టొద్దు.

శనివారం రాత్రికే అనంతపురం వచ్చి మా ఇంట్లో పడుకోండి, రాయదుర్గం వంద కిలోమీటర్లకు అటూ ఇటూ, ఐదుకు లేస్తే ఎండెక్కే లోపల ఇసుకలో ఉంటారు. మధ్యాహ్నం మూడుకు ఎక్కడున్నా వెనక్కి తిరగండి. పోయే ఊళ్ళ పేర్లు వరసగా కాగితం మీద రాసి నాకిచ్చి పో, సాయంత్రం ఏడుకు ఫోన్ రాకపోతే కణేకల్లులో మనవాళ్ళని ట్రాక్టర్ తీసుకుని ఆ కాగితం ప్రకారం వెతకమని చెప్తా. కంప్రెసర్, పార, తాడు నా దగ్గరే ఉన్నాయి, కొత్తవి కొనొద్దు.

మీ చిన్నాయన