ట్యాంకు ఖాళీ, తెర మీద మీటరు నీళ్లు

ప్రశ్న: మా ఊరి గుట్ట మీద మంచినీళ్ల ట్యాంకు ఉంది, వాగొడ్డున పంపుహౌజు ఉంది. అంత దూరం కేబుల్ లాగలేక రెండు చోట్లా రేడియో టెలిమెట్రీ మాడ్యూళ్లు (వైరు లేకుండ సంకేతాలు పంపి అందుకునే పెట్టెలు) పెట్టినం. ట్యాంకు లోతు 5 మీటర్లు. నిండితే తెర మీద సరిగ్గా 5 చూపిస్తది, ఖాళీ అయితే మాత్రం 1 దగ్గరే ఆగుతది. పైగా మొన్న గాలివానకు గుట్ట మీద కరెంటు పోయింది, కింద పంపు తిరుగుతనే ఉంది. ట్యాంకు పొర్లి కింది ఇళ్లల్లకు నీళ్లొచ్చినయ్. మాడ్యూళ్లు మార్చాల్నా?
– పంచాయతీ ఎలక్ట్రీషియన్, పరకాల

జవాబు: మార్చకండి, పంచాయతీ డబ్బు దండగ. మీరు చెప్పిన లక్షణాలను బట్టి తేడా సెట్టింగుల్లోనే ఉంది.

ముందు ఆ మీటరు సంగతి. నీటిమట్టాన్ని కొలిచి కరెంటు సంకేతంగా పంపే లెవల్ ట్రాన్స్‌మిటర్, ట్యాంకు ఖాళీగా ఉంటే 4 మిల్లీయాంపులు, నిండితే 20 పంపుతుంది. మీ స్కేలింగులో, అంటే మిల్లీయాంపులను మీటర్లుగా మార్చే సెట్టింగులో, 0–20 అని పడి ఉంటుంది. 20లో 4 అంటే ఐదో వంతు, 5 మీటర్లలో ఐదో వంతు 1 మీటరు. నిండినప్పుడు ఎలా లెక్కేసినా 5 వస్తుంది కాబట్టి అక్కడ తప్పు కనబడదు. సగం ట్యాంకప్పుడు చూడండి, రెండున్నరకు బదులు 3 చూపిస్తుంది. కింది హద్దును 4 చేయండి. రీడింగు 3.6 మిల్లీయాంపుల కన్నా తగ్గితే దాన్ని నీటిమట్టంగా తీసుకోకుండా, వైరు తెగిందని అలారం మోగేలా పెట్టండి.

అసలు ప్రమాదం రెండోది. పైన ఫ్లోట్ (నీళ్లతో పాటు తేలుతూ నిండగానే మారే స్విచ్) ఇన్‌పుట్‌ను కింద పంపు రిలే (పంపును ఆన్–ఆఫ్ చేసే స్విచ్) అవుట్‌పుట్‌కు కలిపారు, బాగుంది. మరి పైనుంచి కబురే రాకపోతే రిలే ఏం చేయాలి? సెట్టింగుల్లో ఆ గడి ఎవరూ నింపినట్టు లేదు. అందుకే మీ రిలే చివరి ఆదేశాన్నే పట్టుకుని కూర్చుంది. రామగుండం థర్మల్ కేంద్రంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసిన నాకు, ఇలాంటి ఒక కంట్రోల్ లూప్ చూడగానే ముందు అడగాలనిపించేది ఇదే. కబురు ఆగితే అవుట్‌పుట్ ఆఫ్ కావాలని పెట్టండి. మాడ్యూల్ పది సెకన్లకోసారి పంపుతుంటే, ముప్ఫై నలభై సెకన్లు ఆగి ఆఫ్ చేయమనండి. మరీ తక్కువ పెడితే ఒక్క కబురు తప్పినా మోటరు ఆగుతుంది, మాటిమాటికీ ఆగి మొదలైతే దాని వైండింగుకే చేటు.

ఫ్లోట్ వైరింగు కూడా చూడండి. నీళ్లు కావాల్సినప్పుడు కాంటాక్టు కలిసి ఉండాలి, నిండగానే విడిపోవాలి. అప్పుడు ఎలుక వైరు కొరికినా పంపు ఆగుతుంది. కింద పంపు నీళ్లు తోడే సంపులో నీళ్లు తగ్గితే పంపును ఆపే ఫ్లోట్‌ను మాత్రం రేడియోతో ముడిపెట్టకండి, నేరుగా స్టార్టరు కంట్రోల్ వైరింగులోనే కలపండి. రేడియో పాడైన రోజు ఆపరేటరు చేత్తో నడుపుకునేలా హ్యాండ్–ఆటో స్విచ్ ఉండాలి, హ్యాండ్‌లో ఉన్నా సంపు ఫ్లోట్ పనిచేయాలి.

అన్నీ అయ్యాక పంపును ఆటోలో నడిపిస్తూ, గుట్ట మీద ఒక మనిషిని పెట్టి ఫ్లోట్‌ను చేత్తో లేపమనండి, కింద రిలే దీపం ఆరాలి. ఫ్లోట్ దింపి పంపు మళ్లీ నడవనిచ్చి, ఈసారి పై మాడ్యూల్ ఫ్యూజు తీయమనండి. మీరు పెట్టిన గడువులో పంపు ఆగకపోతే ఆ మార్పు సేవ్ కానట్టే, మళ్లీ చూసుకోండి. ఏ ఇన్‌పుట్ ఏ అవుట్‌పుట్‌కు పోతుందో, కబురు ఆగితే అది ఏమవుతుందో ఒక కాగితం మీద రాసి రెండు ప్యానెళ్ల తలుపుల లోపలా అంటించండి.