జవాబు వినే ముందు ప్రశ్న రాసుకోండి

అమెరికా చానళ్లలో ఆదివారం పొద్దున వచ్చే రాజకీయ ఇంటర్వ్యూల మీద పాఠకులు పంపిన ప్రశ్నలివి.

ప్రశ్న: అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వచ్చాను. ఆదివారం కాఫీ తాగుతూ ‘మీట్ ద ప్రెస్’, ‘ఫేస్ ద నేషన్’ చూస్తున్నాను. అరుపులు, కేకలు లేవు, ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటారు. తీరా అయిపోయాక చూస్తే కొత్తగా ఏమీ తెలిసినట్టుండదు. లోపం నా ఇంగ్లిషుదేనా?
- గుంటూరు పాఠకురాలు

జవాబు: మీ ఇంగ్లిషుకేం ఢోకా లేదండీ. వచ్చిన నాయకుడు ప్రశ్నను దాటేస్తున్నాడు. మర్యాదగా దాటేస్తాడు కాబట్టి పట్టుకోవడం కష్టం. ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకోండి. పేజీ మధ్యలో నిలువుగీత గీయండి. ఎడమవైపు యాంకర్ ప్రశ్నను ఐదారు మాటల్లో రాయండి. కుడివైపు జవాబులో మొదటి వాక్యం ఒక్కటే రాయండి. ఆ తర్వాత వచ్చేది చాలాసార్లు ఇంట్లో వల్లెవేసుకొచ్చిన పాఠమే. కుడివైపు అవును, కాదు, ఒక పేరు, తేదీ, అంకె, కారణం... వీటిలో ఏదీ పడకపోతే అడ్డంగా కొట్టేయండి. “ప్రజలకు కావలసింది ఏమిటంటే” అని ఎత్తుకుంటే బండి పక్కదారి పట్టిందన్నమాటే.

ఇక యాంకర్ సంగతి. ఇంటర్వ్యూకు దొరికేది కొద్ది నిమిషాలే. రెండు జవాబులు సాగదీస్తే మూడో ప్రశ్నకు టైం ఉండదని అతిథికి బాగా తెలుసు. అందుకే అదే ప్రశ్నకు యాంకర్ ఎన్నిసార్లు తిరిగొచ్చారో లెక్కపెట్టండి. 2017 జనవరి 22న ‘మీట్ ద ప్రెస్’లో జరిగింది చూడండి. ట్రంప్ ప్రమాణస్వీకారానికి వచ్చిన జనం గురించి వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీ ముందురోజే తప్పుడు మాట చెప్పారు. తొలిసారి మైకు ముందుకొచ్చి అలా ఎందుకు చెప్పాల్సి వచ్చిందని చక్ టాడ్ అడిగారు. ట్రంప్ సలహాదారు కెలియాన్ కాన్వే వేరే విషయాల్లోకి వెళ్లారు. టాడ్ వదల్లేదు, మళ్లీ ఆ ‘ఎందుకు’ దగ్గరికే తెచ్చారు. అప్పుడొచ్చింది ‘ఆల్టర్నేటివ్ ఫ్యాక్ట్స్’ (ప్రత్యామ్నాయ వాస్తవాలు) అనే మాట. ప్రెస్ సెక్రటరీ చెప్పింది అబద్ధం కాదు, అవేనని ఆమె సమర్థించుకున్నారు. మొదటి జవాబుతో ఊరుకుని ఉంటే ఆ మాట బయటికొచ్చేదే కాదు.

ప్రశ్న: ఒకే రోజు నాలుగు చానళ్లలో నలుగురు పెద్దవాళ్లు ఒకే విషయం చెబుతుంటే నమ్మక తప్పదు కదా?
- డాలస్ పాఠకుడు

జవాబు: నాలుగు నోళ్లు ఉండొచ్చు, మూలం ఎన్నో చూడాలి. 2002 సెప్టెంబర్ 8, ఆదివారం. ఇరాక్ కొనాలని చూస్తున్న అల్యూమినియం గొట్టాలు అణుబాంబు పని కోసమేనని, ప్రభుత్వ అధికారులు చెప్పినట్టుగా ఆ పొద్దున ‘న్యూయార్క్ టైమ్స్’ మొదటి పేజీలో వచ్చింది. కాసేపటికి ఉపాధ్యక్షుడు డిక్ చేనీ ‘మీట్ ద ప్రెస్’లో కూర్చుని ఆ పత్రిక కథనాన్నే ప్రస్తావించారు. సీఎన్ఎన్‌లో అప్పటి జాతీయ భద్రతా సలహాదారు కాండొలీజా రైస్ కూడా ఆ గొట్టాల మాటే ఎత్తారు. చూసేవాళ్లకు అది పత్రిక విడిగా కనిపెట్టిన విషయంలా, ప్రభుత్వం దాన్ని ఒప్పుకున్నట్టుగా అనిపించింది. కానీ పత్రికకు చెప్పిందీ ఆ ప్రభుత్వం వాళ్లే. ఆ గొట్టాలు రాకెట్లవని అమెరికా ఇంధన శాఖ నిపుణులే అనుమానించారు. 2003 మార్చిలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కూడా అవి సెంట్రిఫ్యూజుల (యురేనియం శుద్ధిచేసే యంత్రాల) కోసమనే ఆధారం లేదని చెప్పింది. ఆ నెలలోనే ఇరాక్ మీద అమెరికా యుద్ధం మొదలైంది. ఎంతమంది ప్రాణాలు పోయాయో తలచుకుంటే ఆ ఆదివారాన్ని తేలిగ్గా తీసుకోలేం. మీ నోటుపుస్తకంలో మూడో గడి గీసి ‘ఇది ఎవరు చెప్పారు?’ అని పేరు పెట్టండి. ‘అధికారులు’, ‘వార్తల ప్రకారం’ అని వస్తే దాన్ని ఖాళీగానే వదిలేయండి.

ప్రశ్న: ఇంటర్వ్యూ తర్వాత నలుగురు కూర్చుని చేసే విశ్లేషణ చూడాలా?
- విజయవాడ

జవాబు: టైం లేకపోతే మానేయండి. చూసేటట్లయితే పేరు కింద పడే పట్టీ చదవండి. పార్టీల ఎన్నికల వ్యవహారాలు చూసేవాళ్లు ఎవరో, వార్తలు సేకరించే విలేకరి ఎవరో అందులోనే ఉంటుంది.

ప్రశ్న: ఇక్కడ ఎన్ని గంటలకు వస్తాయి? మాట తప్పించుకుపోతే మళ్లీ దొరుకుతుందా?
- హన్మకొండ

జవాబు: మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా న్యూయార్క్ టైంకు తొమ్మిదిన్నర గంటలు కలపండి, మిగతా రోజుల్లో పదిన్నర. అక్కడ 10.30కి మొదలయ్యే ‘ఫేస్ ద నేషన్’ మనకు వేసవిలో రాత్రి 8కి, చలికాలంలో 9కి. చానల్ వెబ్‌సైట్‌లో మాటమాట రాతలో పెడతారు. వీడియో ముక్క వాట్సాప్‌లో వస్తే ఆ రాతతో సరిచూడండి, ముక్కలో ప్రశ్నను కత్తిరించడం మామూలే. ముందే రికార్డు చేసిన ఇంటర్వ్యూల్లో చానల్ కూడా కోస్తుంది. దీనిమీద గొడవ అయ్యాకే, 2025 సెప్టెంబర్‌లో సీబీఎస్ చానల్ తన ‘ఫేస్ ద నేషన్’ ఇంటర్వ్యూలను కత్తిరించకుండా వేస్తామని ప్రకటించింది. భద్రత, చట్టపరమైన ఇబ్బందులుంటే మాత్రం మినహాయింపు.